మెసాన్లు

ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు జతకట్టి ఏర్పడే సూక్ష్మకణాల కుటుంబం మెసాన్లు. ప్రోటాన్, న్యూట్రాన్‌లలో మూడేసి క్వార్కులుంటాయి. మెసాన్‌లో ఉండేది ఒక్క జతే. పయాన్, కేయాన్, డి, బి, జె-సై, అప్సిలాన్ ఈ కుటుంబంలో పేరున్నవి. మొత్తం మీద ఇప్పటిదాకా గుర్తించినవి వందకు పైమాటే. వాటిలో ఒక్కటీ నిలకడగా ఉండదు. పుట్టిన మరుక్షణమే విరిగి ఇతర కణాలుగా మారిపోతుంది. అందుకే మెసాన్‌ను గురించి మనకు తెలిసినదంతా అది పోయాక మిగిలిన ఆనవాళ్లను చదివి తెలుసుకున్నదే.

కుటుంబమంతా ఇలా అల్పాయుష్షుతో ఉండటానికి కారణం ఉంది. బేరియాన్ సంఖ్య అనే ఒక లెక్క ప్రకృతిలో తప్పినట్టు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మూడు క్వార్కుల కణాలైన బేరియాన్లలో అతి తేలికైనది ప్రోటాన్. అది విరగాలంటే ఆ లెక్క తప్పాలి, కనుక విరగదు. మెసాన్‌కు ఆ రక్షణ లేదు. క్వార్కు లెక్క ధనం, ప్రతిక్వార్కు లెక్క రుణం, కలిపితే సున్నా. కాబట్టి ఎలక్ట్రాన్లుగానో, న్యూట్రినోలుగానో, కాంతి కణాలుగానో మారిపోవడానికి దానికి అడ్డేమీ లేదు. చివరికి ప్రతి మెసాన్ గతీ అదే.

ఎంతసేపు బతుకుతుందన్నది మాత్రం దాన్ని విరగ్గొట్టే బలాన్ని బట్టి ఉంటుంది. కేంద్రకంలో పనిచేసే ప్రబల బలం చేతిలో పడితే రో మెసాన్‌లాగా లెక్కకు అందనంత త్వరగా పోతుంది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ లక్ష కోట్ల భాగాలు చేస్తే, అలాంటివి నాలుగైదు దాని ఆయుష్షు. దుర్బల బలం నెమ్మదిగా పనిచేస్తుంది. విద్యుదావేశమున్న పయాన్ 26 నానోసెకన్లు, అలాంటి కేయాన్ 12 నానోసెకన్లు ఉంటాయి. ఈ కొలతల్లో ఇది దీర్ఘాయుష్షే. ఆవేశం లేని పయాన్ విద్యుదయస్కాంత బలం వల్ల రెండు కాంతి కణాలుగా విరుగుతుంది. దాని బతుకు ఆవేశమున్న పయాన్ బతుకులో ముప్పై కోట్లవ వంతు.

ఇవన్నీ ఎక్కడో యూరప్ ప్రయోగశాలల్లో మాత్రమే పుట్టేవని అనుకోనక్కర్లేదు. నిజామాబాద్ పట్టణం మీద, బోధన్ చెరకు చేల మీద, మంజీరా నీటి మీద, పదిహేను ఇరవై కిలోమీటర్ల ఎత్తున, రాత్రింబగళ్లు మెసాన్లు పుడుతూనే ఉన్నాయి. విశ్వకిరణాలుగా అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొంటాయి. ఆ తాకిడిలో ఎక్కువగా పయాన్లు, కొన్ని కేయాన్లు పుడతాయి. అవి నేలకు చేరవు, దారిలోనే విరిగి, ఎలక్ట్రాన్‌కు బరువైన చుట్టాలైన మ్యూయాన్లుగా, న్యూట్రినోలుగా మారతాయి. ఆ మ్యూయాన్లు నేల దాకా వస్తాయి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి పడుతుందని లెక్క. ఆ లెక్కన ఎకరం చెరకు చేను మీద నిమిషానికి దాదాపు నాలుగు కోట్ల మ్యూయాన్లు పడతాయి. వాటిలో ఇంచుమించు ప్రతిదీ పైన ఒక మెసాన్ పోయిందనడానికి గుర్తే.

తెలంగాణ ఆకాశానికి ఇంకో విశేషం ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి ఉన్న ఆవేశ కణాలను పక్కకు తిప్పేస్తుంది. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరైనకొద్దీ ఆ అడ్డు గట్టిపడుతుంది. హైదరాబాద్ పరిసరాల్లో వాతావరణాన్ని నిట్టనిలువుగా చేరాలంటే ప్రోటాన్‌కు సుమారు 17 వందల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. కెనడా మీద ఇంత గట్టి జల్లెడ లేదు. అంటే ఇక్కడి పైగాలి దాకా వచ్చేవి బాగా జోరున్న కణాలే. విశ్వకిరణాల పరిశోధనకు హైదరాబాద్ ఎందుకు తగిన చోటో హోమీ భాభాకు, ఆయన స్థాపించిన టాటా పరిశోధన సంస్థకు తెలుసు. 1969లో ఈసీఐఎల్ ప్రాంతంలో ఆ సంస్థకు స్థిరమైన బెలూన్ కేంద్రం ఏర్పడింది. ఈనాటికీ అక్కడి నుంచి పెద్ద ప్లాస్టిక్ బెలూన్లు పరికరాలను మోసుకుని ముప్పై కిలోమీటర్లకు పైగా లేస్తాయి. పని ముగిశాక పరికరాలు పారాచూట్ మీద ఏదో ఒక జిల్లాలో, ఏదో ఒక పొలంలో దిగుతాయి. అలాంటిది కనబడితే విప్పకండి, ముట్టుకోకండి, దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో పోస్టాఫీసుకో చెప్పండి అని ముందే పత్రికల్లో ప్రకటనలు వస్తాయి. ఆ మాట పాటించడం కూడా సైన్సుకు సాయమే. పెట్టె పాడైతే ఆ ప్రయోగం పోయినట్టే.

మెసాన్ల కథ జపాన్‌లో మొదలవుతుంది. ఒకే రకం ఆవేశమున్న ప్రోటాన్లు కేంద్రకంలో విడిపోకుండా ఎలా ఉంటున్నాయన్న ప్రశ్నకు 1935లో హిదెకి యుకావా జవాబిచ్చాడు. ఎలక్ట్రాన్ కన్నా సుమారు రెండు వందల రెట్లు బరువైన ఒక కణం వాటి మధ్య ఇచ్చిపుచ్చుకోళ్లు సాగిస్తోందన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే విశ్వకిరణాల్లో దాదాపు అంత బరువున్న కణం కనబడింది. అందరూ యుకావా కణం దొరికిందనుకున్నారు. అది మ్యూయాన్, మెసాన్ కాదు. కేంద్రకాలను అది పట్టించుకోకుండా దూసుకుపోతోందని ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించేదాకా, పదేళ్లు ఈ పొరపాటు సాగింది. ఆ రోజుల్లో భాభా చేసిన ఒక సూచన గొప్పది. వేగంగా పోయే కణానికి కాలం నెమ్మదిస్తుందన్న ఐన్‌స్టీన్ మాట నిజమా కాదా అన్నది ఇలాంటి అల్పాయుష్షు కణాలతో పరీక్షించవచ్చని ఆయన 1938లోనే రాశాడు. పైగాలిలో పుట్టిన మ్యూయాన్లు నేలకు చేరడమే ఆ పరీక్షకు జవాబైంది. కాలం నెమ్మదించకపోతే రెండు మైక్రోసెకన్ల ఆయుష్షుతో అవి అరకిలోమీటరు దాటి ఎంతో దూరం రాలేవు.

అదే కాలంలో కలకత్తా బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో దేవేంద్ర మోహన్ బోస్, బిభా చౌధురి కలిసి డార్జిలింగ్, సందక్‌ఫూ కొండల మీద ఫోటో ప్లేట్లను నెలల తరబడి ఉంచారు. వాటిలో పడ్డ జాడలను చూసి కణాల బరువు అంచనా వేసి, 1940 దశకం మొదట్లో నేచర్ పత్రికలో ప్రకటించారు. వాళ్లు పట్టుకున్న పద్ధతి సరైనదే. యుద్ధం వల్ల మేలురకం ప్లేట్లు మాత్రం చేతికి రాలేదు. యుద్ధం అయ్యాక అదే పద్ధతితో, అలాంటి మేలురకం ప్లేట్లతో, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం 1947లో పయాన్‌ను నిర్ద్వంద్వంగా పట్టుకుంది. యుకావాకు 1949లో, పావెల్‌కు 1950లో నోబెల్ బహుమతులు వచ్చాయి. బిభా చౌధురికి బతికుండగా దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు. 2019లో ఒక నక్షత్రానికి బిభా అని పేరు పెట్టారు. మన పాఠ్యపుస్తకాల్లోనూ ఆమెకు ఒక పేరా ఉండాలి.

పావెల్ బృందం వాడినలాంటి ప్లేటులో సూక్ష్మదర్శిని కింద ఏం కనబడుతుందో కొంచెం ఆగి చూడాలి. ఒక గీత వస్తుంది. ఆగే చోటుకు దగ్గరయ్యేకొద్దీ నల్లని చుక్కలు ఒత్తుగా పడతాయి. అది పయాన్ వేగం తగ్గి నిలిచిపోవడం. ఆ చివర నుంచి ఇంకో దిక్కుకు రెండో గీత బయలుదేరుతుంది. అది మ్యూయాన్. ఈ రెండో గీత పొడవు ఏ ప్లేటులో చూసినా ఒక్కటే, మిల్లీమీటరులో ఆరు పదో వంతులు. ఆ తర్వాత వచ్చిన మరింత సున్నితమైన ప్లేట్లలో దాని చివర నుంచి సన్నగా, చుక్కలు పలచగా మూడో గీత కూడా కనబడింది, అది ఎలక్ట్రాన్. రెండో గీత పొడవు ఎప్పుడూ మారకపోవడమే అసలు సాక్ష్యం. నిలిచిపోయిన పయాన్ రెండే ముక్కలుగా విరిగితేనే మ్యూయాన్‌కు ప్రతిసారీ ఒకే శక్తి వస్తుంది. అంటే కంటికి కనబడకుండా పోయిన రెండో ముక్క ఒకటే, అది న్యూట్రినో. ఒక గీత పొడవును కొలిచి, గీత గీయని కణాన్ని పట్టుకున్నారు.

అదే 1947లో మాంచెస్టర్‌లో రోచెస్టర్, బట్లర్ మేఘపేటికలో ఆంగ్ల అక్షరం వి ఆకారంలో ఒక జాడ చూశారు. ఆవేశం లేని కణం ఒకటి రెండుగా విరిగిన గుర్తు అది. కేయాన్లు లోకానికి తెలిసింది అలాగే. బొంబాయిలో టాటా సంస్థలో బెర్నార్డ్ పీటర్స్, ఆయన దగ్గర పనిచేసిన యువకులు దేవేంద్ర లాల్, యశ్‌పాల్ బెలూన్లతో పైకి పంపిన ఫోటో పొరల్లో ఇలాంటి కేయాన్లను వెతికి, 1953లో ఫలితాలు ప్రకటించారు. మెసాన్ల పరిశోధనలో మన దేశం తొలి వరసలో ఉన్న రోజులవి.

కేయాన్లు పెద్ద చిక్కే తెచ్చాయి. దాన్ని అర్థం చేసుకోవడానికి బోధన్ మంచి చోటు. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలై 2015 చివర్లో మూతబడ్డ నిజాం షుగర్ ఫ్యాక్టరీ లాంటి చోట ల్యాబ్‌లో చెరకు రసానికి పోల్ చూస్తారు. రసాన్ని శుభ్రం చేసి గొట్టంలో పోసి, ఒకే తలంలో కంపించే కాంతిని దాని గుండా పంపుతారు. చక్కెర ఆ తలాన్ని కుడివైపు తిప్పుతుంది. ఎంత తిప్పిందో చూసి రసంలో చక్కెర ఎంతుందో చెబుతారు. ఇప్పుడు చక్కెర అణువుకు అద్దంలో బింబం లాంటి అణువును ఎవరైనా తయారుచేశారనుకుందాం. అది కాంతిని అంతే కోణంలో ఎడమవైపు తిప్పుతుంది. చెరకు ఒక రకాన్నే చేస్తుంది, సరే. ఆ కాంతి నియమాలకు మాత్రం కుడి ఎడమల పక్షపాతం లేదు. ప్రకృతి నియమాలన్నీ ఇంతేనని 1956 దాకా భౌతిక శాస్త్రజ్ఞులు గట్టిగా నమ్మారు.

ఆ నమ్మకాన్ని చెడగొట్టింది కేయానే. ఒకే బరువు, ఒకే ఆయుష్షు ఉన్న రెండు కణాలు కనబడ్డాయి. ఒకటి రెండు పయాన్లుగా, ఇంకొకటి మూడు పయాన్లుగా విరిగేది. అద్దంలో చూసినప్పుడు ఆ రెండు ఫలితాలూ ఒకేలా ప్రవర్తించవు. కాబట్టి అవి వేరు వేరు కణాలు కావాలి. మరి బరువూ ఆయుష్షూ ఎలా కలిశాయి? మూడు పయాన్ల విరుగుడును విశ్లేషించడానికి రిచర్డ్ దాలిట్జ్ 1953లో ఒక పటం గీసే పద్ధతి కనిపెట్టాడు. ఒక్కో విరుగుడుకు ఒక్కో చుక్క పెడితే, ఆ చుక్కలు ఎక్కడ ఒత్తుగా ఉన్నాయన్నది లోపలి సంగతి చెబుతుంది. 1956లో లీ, యాంగ్ తెగించి అసలు మాట అన్నారు. రెండూ ఒకటే కణం, దుర్బల బలానికే కుడి ఎడమల తేడా ఉంది. మరుసటి సంవత్సరం మొదట్లో వూ చియెన్ షియుంగ్ కోబాల్ట్ కేంద్రకాలతో ఆ మాట నిజమని తేల్చింది. లీ, యాంగ్‌లకు ఆ ఏడే నోబెల్ వచ్చింది. వూకు రాలేదు.

కుడి ఎడమలతో పాటు పదార్థాన్నీ ప్రతిపదార్థాన్నీ తారుమారు చేస్తే అయినా సమానత్వం నిలుస్తుందని సర్దుకున్నారు. సీపీ సౌష్ఠవం అంటే అదే. 1964లో క్రోనిన్, ఫిచ్ దీర్ఘాయుష్షు గల తటస్థ కేయాన్లను గమనించారు. సీపీ నియమం ప్రకారం రెండు పయాన్లుగా విరగకూడనివి వెయ్యికి రెండు చొప్పున అలా విరుగుతున్నాయి. వెయ్యికి రెండే కావచ్చు. పదార్థానికీ ప్రతిపదార్థానికీ ప్రకృతి నిజంగానే తేడా చూపుతుందని అది చెప్పింది. విశ్వంలో పదార్థం మిగిలి, మనమంటూ ఉన్నామంటే ఇలాంటి తేడా ఒకటి ఉండి తీరాలి. మెసాన్ల గురించి చెప్పవలసిన ముఖ్యమైన విషయం నా దృష్టిలో ఇదే.

క్వార్కుల ఊహ కూడా 1964లోనే వచ్చింది. మరీ గెల్-మాన్, జార్జ్ ష్వైగ్ విడివిడిగా ప్రతిపాదించారు. అప్పటికి అప్, డౌన్, స్ట్రేంజ్ అని మూడే. ధనావేశ పయాన్‌లో ఒక అప్ క్వార్కు, ఒక ప్రతి డౌన్ క్వార్కు ఉంటాయి. కేయాన్లలో ఒకటి స్ట్రేంజ్. సీపీ తేడా రావాలంటే కనీసం ఆరు క్వార్కులు ఉండాలని 1973లో కొబయాషి, మస్కావా లెక్క కట్టారు. 1974 నవంబరులో అమెరికాలో రెండు బృందాలు ఒకేసారి జె-సై మెసాన్‌ను పట్టుకోవడంతో నాలుగోదైన చార్మ్, 1977లో అప్సిలాన్‌తో అయిదోదైన బాటమ్ బయటపడ్డాయి. ఆరోది టాప్. అది మెసాన్‌గా స్థిరపడే వ్యవధి కూడా లేకుండా విరిగిపోతుంది.

బాటమ్ క్వార్కు ఉన్న బి మెసాన్ ప్రోటాన్ కన్నా అయిదున్నర రెట్లకు పైగా బరువైనది. ఆయుష్షు సెకనులో లక్ష కోట్లవ వంతుకు ఒకటిన్నర రెట్లు. సీపీ తేడా కేయాన్లలో స్వల్పం, బి మెసాన్లలో బాగా ఎక్కువగా ఉండాలని కొబయాషి, మస్కావా సిద్ధాంతం చెప్పింది. దాన్ని కొలవడానికే జపాన్‌లోని త్సుకుబాలో బెల్, అమెరికాలో బాబార్ ప్రయోగాలు కట్టారు. త్సుకుబాలో మూడు కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయాల్లో ఎలక్ట్రాన్లు, వాటి ప్రతికణాలైన పాజిట్రాన్లు వేరు వేరు శక్తులతో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. శక్తులు సమానం కాకపోవడం వల్ల, పుట్టిన బి మెసాన్లు ఒక వైపుకు నెట్టుకుపోతాయి. ఆ జత విరిగే రెండు చోట్ల మధ్య దూరం మిల్లీమీటరులో అయిదో వంతు. ఆ దూరాన్ని కొలిచి కాలాన్ని తెలుసుకుంటారు. 2001లో రెండు ప్రయోగాలూ సిద్ధాంతం నిజమని చెప్పాయి. 2008లో కొబయాషి, మస్కావాలకు నోబెల్ వచ్చింది. 2010లో ఆగేసరికి బెల్ 77 కోట్లకు పైగా బి జతలను నమోదు చేసింది.

తెలుగు నేల ఈ కథలో మళ్లీ కనబడేది ఇక్కడే. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ బెల్‌లోనూ, దాని తర్వాత వచ్చిన బెల్-2లోనూ సభ్య సంస్థ. అక్కడి భౌతిక శాస్త్ర ఆచార్యుడు అంజన్ గిరి 2003లో గ్రోస్‌మన్, సోఫర్, జుపాన్‌లతో కలిసి ఒక పద్ధతి ప్రతిపాదించాడు. నలుగురి పేర్ల మొదటి అక్షరాలతో అది జీజీఎస్‌జెడ్ పద్ధతిగా లోకమంతా వాడుకలో ఉంది. బెల్ బృందంలోని అలెగ్జాండర్ బోండార్ కూడా స్వతంత్రంగా ఇదే ఆలోచనకు వచ్చాడు.

పద్ధతి సంగతి ఇది. ఆవేశమున్న బి మెసాన్ ఒక డి మెసాన్‌గా, ఒక కేయాన్‌గా విరుగుతుంది. ఆ డి మామూలు డి కావచ్చు, దాని ప్రతికణమూ కావచ్చు. రెండూ చివరికి ఒక తటస్థ కేయాన్, రెండు పయాన్లుగా విరగగలవు. ఏ దారిన వచ్చిందో చెప్పలేనప్పుడు ఆ రెండు దారులూ తరంగాల్లా ఒకదానిపై ఒకటి పడి, కొన్నిచోట్ల బలపడి, కొన్నిచోట్ల తగ్గుతాయి. డి మెసాన్ విరుగుళ్లను దాలిట్జ్ పటం మీద చుక్కలుగా పెట్టి, ధన బి నుంచి వచ్చిన పటాన్నీ రుణ బి నుంచి వచ్చిన పటాన్నీ పోల్చితే తేడా తెలుస్తుంది. ఆ తేడాలో గామా అనే కోణం దాగి ఉంటుంది. సీపీ తేడాను నిర్ణయించే కొలతల్లో అది ఒకటి. బెల్, బాబార్, ఆ తర్వాత జెనీవాలోని సెర్న్ సంస్థలో జరిగే ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం ఈ దారిలోనే నడిచాయి. ఇప్పటి కొలతలు దాన్ని సుమారు 65 డిగ్రీలుగా చెబుతున్నాయి. కేయాన్ చిక్కు విప్పడానికి 1953లో గీసిన పటం యాభై ఏళ్ల తర్వాత బి మెసాన్ రహస్యానికి పనికొచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రుక్మణి మొహంతా బృందం కూడా బి మెసాన్ల విరుగుళ్లలో సిద్ధాంతానికి అందని తేడాలేమైనా ఉన్నాయా అని లెక్కలు కడుతోంది.

2019 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తున్న బెల్-2లో, బి మెసాన్లు విరిగే చోటును పసిగట్టే సిలికాన్ పరికరపు నాలుగో పొరను టాటా సంస్థ బృందం తయారుచేసింది.

మెసాన్లకు న్యూట్రినోలతో ఉన్న బంధుత్వమూ చెప్పుకోవాలి. తెలుగు, తమిళ కార్మికులు తరతరాలుగా చెమటోడ్చిన కోలార్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ గనిలో 2.3 కిలోమీటర్ల లోతున 1965లో వాతావరణ న్యూట్రినోల జాడను తొలిసారి పట్టుకున్నారు. అదే ఏడు దక్షిణాఫ్రికాలోనూ పట్టుకున్నారు. ఆ న్యూట్రినోలు పైగాలిలో పయాన్లు, కేయాన్లు, వాటి పిల్లలైన మ్యూయాన్లు విరిగినప్పుడు పుట్టినవే. 2001లో గనులు మూతబడ్డాయి. అక్కడి ప్రయోగంలో వాడిన ఇనుప గొట్టాలు ఊటీలోని గ్రేప్స్-3 కేంద్రంలో ఇప్పటికీ మ్యూయాన్లను లెక్కిస్తున్నాయి.

మెసాన్ అంటే ఒక జతే అన్న నిర్వచనం కూడా ఇప్పుడు ప్రశ్నకు గురైంది. 2003లో బెల్ ఎక్స్-3872 అనే కణాన్ని చూసింది. అది మామూలు జత లెక్కలకు సరిపోవడం లేదు. 2007లో అదే ప్రయోగం చూసిన జెడ్-4430లో కనీసం రెండు క్వార్కులు, రెండు ప్రతిక్వార్కులు ఉండక తప్పదు. 2014లో ఎల్‌హెచ్‌సీబీ దాన్ని ధ్రువపరిచింది. ఆ నాలుగూ ఒకే ముద్దగా ఉన్నాయా, రెండు మెసాన్లు పక్కపక్కన అంటుకుని ఉన్నాయా అన్న వాదం సాగుతోంది. సీపీ తేడా 2019లో చార్మ్ మెసాన్లలో, 2025లో బేరియాన్లలో కూడా బయటపడింది. అయినా ఇప్పటిదాకా కొలిచిన తేడాలన్నీ కలిపినా విశ్వంలో ఇంత పదార్థం మిగలడానికి చాలవు. అసలు కారణం ఇంకెక్కడో ఉంది.

ఇలాంటి తేడాలను మన కళ్లతో చూడటానికి జెనీవా వెళ్లాల్సిన పని లేదు. సెర్న్ సంస్థ తన ప్రయోగాల డేటాలో కొంత భాగాన్ని 2014 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. రెండేసి మ్యూయాన్ల డేటాతో జె-సై, అప్సిలాన్ శిఖరాలు సొంతంగా గీయవచ్చు. బి మెసాన్ మూడు కేయాన్లుగా విరిగే డేటాతో పదార్థానికీ ప్రతిపదార్థానికీ ఉన్న తేడాను స్వయంగా కొలవవచ్చు. ఒక మామూలు కంప్యూటరు, కొంచెం పైథాన్, కాస్త ఓపిక చాలు. నిజామాబాద్ గిరిరాజ్ కళాశాలలోనో, డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయంలోనో ఫిజిక్స్ చదివే విద్యార్థులు ప్రాజెక్టుగా దీన్ని తీసుకోవాలి, అధ్యాపకులు తీసుకోనివ్వాలి.